పోలరాజు గారి గునపం

కృష్ణలంక, విజయవాడ
14 జూన్ 1998

ప్రియమైన లాజరు మామయ్యకు,

మీ మేనకోడలు శాలిని వందనాలు. అమ్మ కూడా వందనాలు చెప్పమంది. ఆవిడ రాయమన్నవన్నీ రాస్తే ఈ ఇన్‌లాండ్ చాలదు కాబట్టి వాటిలో సగం మింగేస్తున్నాను.

మీరు లారీలో పంపిన ఎలక్ట్రిక్ గిటారు భద్రంగా చేరింది. వన్ టౌన్ గోడౌన్‌లో మిరపకాయల బస్తాల పక్కన పెట్టినట్టున్నారు, రెండు రోజులు వాయించినప్పుడల్లా తుమ్ములే. "కొత్తది కొన్నాను, పాతది నువ్వు వాడుకో" అని తేలిగ్గా రాశారు గానీ, దీన్ని వదులుకోవడానికి మీకు మనసెలా ఒప్పిందో నాకు అర్థం కాలేదు. మెడ వెనక మీ బొటనవేలు ఒరిసి ఒరిసి నున్నగా అరిగిన చోటే నా వేలు కూడా వెళ్లి కూర్చుంటోంది.

అసలు కబురు ఏమిటంటే నాకు పని దొరికింది. గాంధీనగర్‌లో పోలరాజు గారి ఆర్కెస్ట్రా ఉంది, తెలుసు కదా. ఆయనది కైకలూరు వైపు, ఇంట్లో అందరూ చేపల వ్యాపారమైతే ఈయన ఒక్కరే కీబోర్డు పట్టుకున్నారు. "ఆడపిల్ల గిటారు వాయిస్తే జనం చూస్తారమ్మా, వినరు" అన్నారు మొదట. రెండు పాటలు వాయించాక నా పేరు రాసుకున్నారు. పాడటం కూడా నేనే.

అమ్మ సంగతి చెప్పాలి. రేడియోలో గిటారు వినబడితే చాలు, "అది మా తమ్ముడి చెయ్యి" అంటుంది. మొన్న పక్కింటి సుబ్బరత్నం గారికి అలాగే ఒకటి వినిపించింది. అది మాండలిన్. నేను నోరు మూసుకున్నాను. నాన్న పోయాక ఆవిడకు గొప్పగా చెప్పుకోవడానికి మిగిలింది మీరొక్కరే.

ఒక చిక్కు ఉంది, మీరే తీర్చాలి. గిటారును ఆంప్లిఫైయర్‌కు కలపగానే గుయ్‌మని మోత. పాట ఆగినప్పుడల్లా ఆ మోతే వినబడుతుంది. పోలరాజు గారికి ఒక పద్ధతుంది. ఏ ఊరు వెళ్లినా ముందు స్టేజీ వెనక గునపం పాతి, దాని మొదలు దగ్గర బకెట్టు ఉప్పునీళ్లు పోసి, దానికి పచ్చ వైరు చుట్టి నా ఆంప్లిఫైయర్‌కు కలుపుతారు. ఎర్త్ లేకుండా ఒక్క మీట కూడా నొక్కనివ్వరు. మైకు సెట్టు వాళ్ల ఎర్త్ వాళ్లకు వేరే ఉంటుంది. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో ఈ మోత లేకుండా ఎలా చేస్తారు మామయ్యా?

మీ
శాలిని

*

సాలిగ్రామం, మద్రాసు
27 జూన్ 1998

చిరంజీవి శాలినికి,

మామయ్య ఆశీస్సులు. అక్కకు వందనాలు. ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. వారమంతా ఒకటే కాల్‌షీట్లు, ఒక రీరికార్డింగ్ అయితే పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటే లేచేసరికి నడుం లేదు.

నా మొదటి రికార్డింగు గురించి నీకు చెప్పలేదనుకుంటాను. డెబ్బై ఒకటిలో. నలభై వయొలిన్లు, తబలాలు, ఫ్లూట్లు, ఒక మూల స్టూలు మీద నేను. నాలుగు గంటలు కూర్చోబెట్టారు. పాట మొత్తంలో నేను వాయించాల్సింది ఒకే ఒక కార్డ్, తీగలన్నీ కలిపి ఒక్కసారి మీటడం, చరణం ముందు. ఆ ఒక్కటి సరిగ్గా పడింది. బయటకొచ్చి వరసగా రెండు టీలు తాగాను. గిటారిస్టు అంటే వేగంగా వాయించేవాడు అనుకుంటారు మనవాళ్లు. వాయించకుండా కూర్చోగలిగినవాడే ఈ ఫీల్డులో నిలబడతాడు. నువ్వు పాడుతూ వాయిస్తావు కాబట్టి ఇది ఇంకా గుర్తుపెట్టుకోవాలి, గొంతు ఉన్నచోట చెయ్యి తగ్గించు.

ఇక మోత సంగతి. ఇంత చిన్నదానికా ఇంత గొడవ? మోత వచ్చేదే ఆ ఎర్త్ వల్ల. మైకు సెట్టుకు ఒక ఎర్త్, నీకు ఇంకో ఎర్త్, రెండూ కొట్టుకుంటాయి. ఆ పచ్చ వైరు పీకి పారెయ్. మోత ఆ క్షణాన ఆగకపోతే నన్నడుగు. ఇక్కడ పెద్ద పెద్ద థియేటర్లలో చేసేది అదే. పోలరాజు గారు పెద్దమనిషే, కాదనను, కానీ గునపాలు, ఉప్పునీళ్లు పల్లెటూరి పద్ధతులు. ఒప్పుకోకపోతే ఈ ఉత్తరం చూపించు. ఇరవై ఏడేళ్లుగా రికార్డింగుల్లో ఉన్నవాడు చెబుతున్నాడని చెప్పు.

ఫోన్లు మాత్రం చేయకండి, రికార్డింగ్ మధ్యలో ఎవరినీ పిలవరు. ఉత్తరాలు ఈ అడ్రసుకే రాయి.

మీ మామయ్య
లాజరు

*

కృష్ణలంక
2 ఆగస్టు 1998

మామయ్యకు వందనాలు.

మీరు గెలిచారు. మీ ఉత్తరం పోలరాజు గారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "మా నాన్న పడవ మీద మోటారుకి కూడా ఎర్త్ వేసేవోడమ్మా. ఇది తీసేయమంటే నాకు చెయ్యి రాడం లేదు" అన్నారు. నేను ఊరుకోలేదు. "మా మామయ్య కంటే మీకెక్కువ తెలుసాండీ" అన్నాను. "మద్రాసోళ్లు చెప్పాక ఇంకేముందిలే" అని ఆయనే వైరు విప్పారు. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది, తర్వాత బాధనిపించింది.

మోత ఆగిపోయింది. గుడివాడలో ఆ రోజు పాట మధ్యలో నేను చెయ్యి ఆపితే అంత జనంలోనూ నిశ్శబ్దం వినబడింది. నాకు ఏడుపొచ్చింది మామయ్యా, నిజంగా. మీరు చెప్పినట్టు వాయించకుండా కూర్చోవడం మొదటిసారి అక్కడే తెలిసింది. గునపం ఇప్పుడు వ్యాను అడుగున తుప్పు పడుతోంది.

ఇప్పుడు కొత్తగా ఒకటి ప్రయత్నిస్తున్నాను. తీగను వేలితో పక్కకు లాగి, మన కీర్తనల్లో ముసలమ్మలు సాగదీసి పాడతారే, ఆ సాగతీత తెస్తున్నాను. అమ్మ విని "ఇది మీ అమ్మమ్మ గొంతే" అంది. అంతకంటే పెద్ద బిరుదు నాకెవరిస్తారు.

చిన్న విషయం. గిటారు పట్టుకుని పాడేటప్పుడు పెదవులు మైకుకు తగిలితే చీమ కుట్టినట్టు చురుక్కుమంటోంది. ఇది మామూలేనా?

శాలిని

*

సాలిగ్రామం
29 ఆగస్టు 1998

శాలినీ,

గుడివాడ సంగతి చదివి ఎంత సంతోషపడ్డానో మాటల్లో పెట్టలేను. ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ సాగతీత వదలకు. మద్రాసులో చేతివేగం ఉన్నవాళ్లు వీధికి పదిమంది, అమ్మమ్మ గొంతు తీగ మీదకు తేగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఈ రోజుల్లో కీబోర్డులో ఒక మీట నొక్కితే గిటారు శబ్దం వచ్చేస్తోంది. నువ్వు చేస్తున్నది ఆ మీటలో ఉండదు.

చురుక్కుమనడం మామూలే. మైకు పట్టుకున్న ప్రతి గిటారిస్టూ ఎప్పుడో ఒకప్పుడు చవిచూసిందే, దానికి ఉత్తరాలెందుకు? మైకుకు స్పాంజి తొడుగు. కాళ్లకు హవాయి చెప్పులు వేసుకో, రబ్బరు ఉంటే ఏమీ కాదు. మళ్లీ గునపం జోలికి మాత్రం పోకండి.

అక్క మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? నేను ఏదో ఒక పండక్కి వస్తానని చెప్పు. ఏ పండగ అని అడగొద్దని కూడా చెప్పు.

లాజరు

*

కృష్ణలంక
11 అక్టోబరు 1998

మామయ్యకు,

ఈసారి ఉత్తరం కాస్త శ్రద్ధగా చదవండి, జేబులో పెట్టుకుని తిరగడం తర్వాత.

హవాయి చెప్పులతో నెల రోజులు బాగానే గడిచింది. స్పాంజి కూడా తొడిగాను. పోయిన వారం బందరులో మాత్రం బేస్ గిటారు వాయించే మణికుమార్ మోచెయ్యి మైకు స్టాండుకు ఆనుకుని ఉండగా రెండో చెయ్యి నా గిటారు తీగలకు తగిలింది. మనిషి అడుగు దూరం ఎగిరిపడ్డాడు. చెయ్యి సాయంత్రం దాకా స్వాధీనంలో లేదు. పోలరాజు గారు టెస్టరు తెచ్చి నా గిటారు తీగ మీద పెట్టారు. బల్బు వెలిగింది. ఆయన వెంటనే నా ఆంప్లిఫైయర్ స్విచ్ ఆపేశారు.

ఇప్పుడు అడగాల్సింది ఇదీ. నవంబరు 29 ఆదివారం అవనిగడ్డ అవతల ఒక లంక గ్రామంలో సువార్త సభలున్నాయి. పాటలు మావే. పందిట్లోకి ఎవరైనా చెప్పులు బయట విడిచే రావాలి, స్టేజీ మీదైతే మరీను. మీకు తెలియంది కాదు. మరి చెప్పులు లేకుండా ఎలాగ?

ఇంకో సంగతి, ఇది అమ్మ చెప్పొద్దంది, నేను ఆగలేక చెబుతున్నాను. ఆ రోజు అమ్మ సాక్ష్యం చెబుతోంది. మీ గురించే. పదిహేనేళ్ల తమ్ముణ్ని చేతిలో చెక్క గిటారుతో మద్రాసు రైలెక్కించడం, తర్వాత దేవుడు మిమ్మల్ని పైకి తేవడం, అంతా. మీ గిటారు చేత్తో పట్టుకుని అందరికీ చూపిస్తూ చెబుతుందట. అద్దం ముందు నిలబడి అభ్యాసం చేస్తోంది.

పోలరాజు గారు "మామయ్యని ఒక్కసారి అడుగమ్మా. ఆయన సరేనంటే ఆ రోజుకి గునపం పాతేద్దాం" అన్నారు. ఆయన మీ మాట కాదని చేయరు, నేనే అంత పని చేశాను కదా. కాబట్టి మీరు ఆ ఆదివారం లోపల జవాబు రాయాలి. గునపం పాతమంటారా, అక్కర్లేదంటారా, ఒక్క ముక్క చాలు.

శాలిని

*

సాలిగ్రామం
21 నవంబరు 1998

చిరంజీవి శాలినికి,

ఆశీస్సులు. మూడు నెలలు కావస్తోంది నీ దగ్గర్నుంచి ఉత్తరం లేక. చేతినిండా ప్రోగ్రాములు ఉండి ఉంటాయి, మంచిదే. ఇక్కడ వానలకు నాకు వారం రోజులు జ్వరం, ఇప్పుడు తగ్గింది. మళ్లీ రికార్డింగుల్లో పడ్డాను. నిన్న వాయించిన పాట వస్తే అక్క తప్పకుండా గుర్తుపడుతుంది.

ఏమీ రాయలేదంటే అంతా సవ్యంగానే నడుస్తున్నట్టు లెక్క. నేను చెప్పినట్టే సాగించండి, మధ్యలో ఎవరో ఏదో అన్నారని మార్చకండి. మోత లేని గిటారుకు అలవాటు పడిన చెవి మళ్లీ మోతను భరించలేదు.

వాన తడి తగిలితే తీగలు తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడువు. అక్కను చల్లగాలిలో తిరగనివ్వకు.

లాజరు

*

కృష్ణలంక
6 డిసెంబరు 1998

మామయ్యకు,

టెలిగ్రాం అందే ఉంటుంది. సోమవారం అంతా మీకోసం చూశాం. మంగళవారం పొద్దున్న కూడా ప్రతి మద్రాసు బండికీ మణికుమార్ స్టేషన్‌కు వెళ్లాడు. ఇక ఆపలేక మధ్యాహ్నం అమ్మను సమాధి చేశాం. "పెద్ద పనుల్లో ఉన్నవాళ్లు, కదలడం కుదరదు" అని పాస్టరు గారు అందరికీ సర్దిచెప్పారు. నేను కూడా అదే అనుకోవడానికి ప్రయత్నిస్తున్నాను.

జరిగింది రాస్తాను. ఎవరికైనా వరసగా చెప్పకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

మీ ఉత్తరం గురువారం అందింది. అమ్మకు చదివి వినిపించాను. తర్వాత పోలరాజు గారికి చూపించాను. గునపం పాతాలా వద్దా అని అడిగిన ముక్కకు మీరు జవాబు రాయలేదు, కానీ "నేను చెప్పినట్టే సాగించండి, మార్చకండి" అని ఉంది కదా. అదే జవాబు అనుకున్నాం. పోలరాజు గారు ఆ వాక్యం మీద వేలు పెట్టి చదివి, ఉత్తరం మడిచి ఇచ్చేశారు.

శనివారం వాన పడింది. ఆదివారం తెరిపిచ్చినా పందిరంతా బురద. అందరూ చెప్పులు విడిచి, గుమ్మం దగ్గర గోలెంలో కాళ్లు కడుక్కుని వచ్చారు. స్టేజీ మీద పరిచిన జంపఖానా తడిసి ఉంది. నా కాళ్ల కింద ఒక చెక్క పలక వేసుకుని, మైకు తగలకుండా జాగ్రత్తగా మూడు పాటలు పాడాను. ఇన్ని నెలల్లో నాకది అలవాటైపోయింది. అమ్మకు ఆ అలవాటు లేదు. ఆవిడకు చెప్పాలని నాకు తోచలేదు. ఎందుకు తోచలేదో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

పదకొండు గంటలకు అమ్మను పిలిచారు. తర్వాత ఇంకో పాట ఉందని ఆంప్లిఫైయర్ ఆపలేదు. "నేనేమన్నా వాయిస్తానేంటే, ఇటియ్యి" అని నవ్వుతూ నా మెడలోంచి గిటారు తీసుకుంది. ఎడమ చేత్తో దాని మెడ పట్టుకుని, తీగలు అరచేతిలో ఉండగానే, అందరికీ కనబడేలా ఎత్తింది. కుడి చేత్తో మైకు పట్టుకుంది.

"మా తమ్ముడు లాజరు" అంది.

అంతే మామయ్యా. చాలా స్పష్టంగా వినబడింది, ఆఖరి వరసలో వాళ్లకు కూడా. తర్వాత ఒళ్లంతా వణికిపోయింది. జనం అమ్మ ఆత్మావేశంతో వణుకుతోందనుకున్నారు. "స్తోత్రం, స్తోత్రం" అని చేతులెత్తారు. నేను కూడా ఒక్క క్షణం అలాగే అనుకున్నాను. అమ్మ రెండు చేతులూ వదలడం లేదని ముందు చూసింది పోలరాజు గారే. పరుగెత్తి వైరు లాగేశారు. అప్పటికే అయిపోయింది.

పాస్టరు గారు దేవుని పిలుపు అంటున్నారు. కరెంటు ఇన్‌స్పెక్టరు వచ్చి ఎర్త్ ఎవరు తీశారని అడిగాడు. నేనే అని చెప్పి సంతకం పెట్టాను. పోలరాజు గారు నిన్న వచ్చి, ఆ గునపం మా గుమ్మం పక్కన ఆనించి వెళ్లిపోయారు. ఆయన మొహం చూడలేకపోయాను.

నన్ను ఒకటే ప్రశ్న తినేస్తోంది. మీరు చెప్పింది మద్రాసులో అందరూ చేసేదే. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. అంటే నేనే ఎక్కడో తప్పు చేశాను. ఒక వైరు తీయబోయి ఇంకో వైరు తీయించానా? మీరు చెప్పినదాంట్లో ఏదైనా సరిగ్గా అర్థం చేసుకోలేదా? నా తప్పు ఎక్కడుందో చెప్పండి మామయ్యా. అది తెలిస్తే, దాన్ని మోయడమైనా నేర్చుకుంటాను.

గిటారు గుడ్డలో చుట్టి పెట్టాను. ఇక ముట్టుకోను.

శాలిని

*

మద్రాసు
13 డిసెంబరు 1998

అమ్మా శాలినీ,

నీ తప్పు ఎక్కడా లేదు. నువ్వు తీసింది నేను తీయమన్న వైరే. నేను చెప్పిందే తప్పు. ముందు ఈ ముక్క చదివి, కాసేపు ఆగి, మిగిలింది చదువు.

సాలిగ్రామం ఇల్లు నేను ఖాళీ చేసి ఏడాదిన్నర అయింది. రెండేళ్లుగా నన్ను ఎవరూ రికార్డింగుకు పిలవలేదు. కీబోర్డులో మీట నొక్కితే గిటారు వస్తుందని నీకు రాశాను చూడు, అది నా కథే. కొత్త గిటారు కొనలేదు. నీకు పంపిందే నా ఆఖరిది, ఇంట్లో దాని వంక చూడలేక పంపాను. సంగీత పరికరాలు అమ్మే షాపులో గిటార్లు శ్రుతి చేసి పెడుతూ బతుకుతున్నాను. మీ అమ్మకు ఈ మాట చెప్పలేకపోయాను. రేడియోలో ప్రతి గిటారూ నాదే అనుకునే మనిషికి ఏ నోటితో చెప్పేది?

నీ ఉత్తరాలు ఆ పాత ఇంటి ఓనరు ఛాయాదేవి గారి దగ్గర ఉండేవి, నేను అప్పుడప్పుడూ వెళ్లి తెచ్చుకునేవాణ్ని. కలిసినప్పుడల్లా "ఈ మధ్య ఏం పాటలు వాయించారండీ" అని అడుగుతుంది. అబద్ధాలు అయిపోయి, సెప్టెంబరు నుంచి వెళ్లడం మానేశాను. నిన్న వెళ్లాను. మూడు కలిపి చేతిలో పెట్టింది. అక్టోబరు నాటి నీ ఉత్తరం, టెలిగ్రాం, మొన్నటి ఉత్తరం. ఏది ముందు విప్పాలో తెలియక టెలిగ్రాం విప్పాను.

నవంబరులో నేను రాసింది నీ ప్రశ్నకు జవాబు కాదమ్మా. నీ ప్రశ్న అప్పటికి నేను చదవనేలేదు.

మోత గురించి నువ్వు మొదట అడిగినప్పుడు దాని సంగతి నాకేమీ తెలియదు. థియేటర్లో అద్దం అవతల కూర్చున్న ఇంజనీరు ఏదో చేస్తాడు, ఇవతల స్టూలు మీద మేం వాయిస్తాం. ఇరవై ఏళ్లకు పైగా వాయించాను, అద్దం అవతలకు ఒక్కసారి వెళ్లి చూడలేదు. ఎవరో టీకొట్టు దగ్గర అనగా విన్న మాట పట్టుకుని, అంతా నాకు తెలిసినట్టు రాశాను. నిన్న మా షాపులో ఆంప్లిఫైయర్లు బాగుచేసే ఫిన్నీని అడిగాను. అయిదు నిమిషాల్లో చెప్పాడు. ఆంప్లిఫైయర్ లోపల ఎక్కడ కరెంటు కారినా ఆ పచ్చ వైరే దాన్ని నేలలోకి తీసుకుపోతుందట, అది లేకపోతే తీగల్లో నిలబడి ఉంటుందట, ఎవరో పట్టుకునేదాకా. ఏడాదికి పైగా అతని బల్ల పక్కనే కూర్చుంటున్నాను. ఒక్కసారీ అడగలేదు. అడిగితే నాకు తెలియదని అతనికి తెలిసిపోతుందని.

పోలరాజు గారిది పల్లెటూరి పద్ధతి అన్నాను. ఆ గునపం ఒక్కటే ఇన్నేళ్లు మీ అందరినీ కాపాడింది. ఆయన కాళ్లు పట్టుకోవాల్సినవాణ్ని.

మంగళవారం పొద్దున్న బండికి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం నాకంటే ముందు నీకు చేరాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. ఎదురుగా నిలబడితే మళ్లీ అబద్ధం ఆడతానేమోనని భయం. జూన్ నెల ఉత్తరం, ఇది, రెండూ ఇన్‌స్పెక్టరుకు ఇవ్వు. నా మొదటి ఉత్తరం పోలరాజు గారికి చదవడానికి ఇచ్చినట్టే ఇది కూడా ఇవ్వు. గిటారు పట్టుకోమని నేను అడగను, అలా అడిగే అర్హత నాకు లేదు.

ఒక్కటి మాత్రం చెయ్యి. వచ్చే ఆదివారం మందిరంలో ఈ ఉత్తరం అందరి ముందూ నువ్వే చదువు. నేను పక్కన నిలబడతాను. "మా తమ్ముడు లాజరు" అని అక్క సాక్ష్యం మొదలుపెట్టింది. మిగతాది ఇది.

లాజరు
(గిటార్లు శ్రుతి చేసేవాడు)

ఇది నా అసలు అడ్రసు: వడపళని, గుడి వెనక సందు, లాండ్రీ పైన మేడ గది. ఇంతకుముందే నీకిది తెలిసి ఉంటే, అక్టోబరు ఉత్తరం నాలుగు రోజుల్లో నాకు అంది ఉండేది.